గచ్చు మారుస్తూ అదే ఇంట్లో కాపురం: మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా

ఆంధ్ర సరిహద్దు పక్కనే ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి పాత వీధుల్లో ఇళ్ళు ఎలా ఉంటాయో అక్కడ పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వీధి వైపు అరుగు, దాని వెనక ఒక గది, ఆ గది వెనక ఇంకో గది, తర్వాత వంటిల్లు, చివర పెరడు. నుయ్యి, స్నానాల గది, మరుగుదొడ్డి అన్నీ పెరట్లోనే. రెండు పక్కల గోడలూ ఇరుగుపొరుగుతో ఉమ్మడి, కాబట్టి సందు ఉండదు. వీధిలోంచి పెరట్లోకి వెళ్ళాలంటే గదులన్నీ దాటాల్సిందే. గుణుపురంలోనూ బరంపురంలోనూ మా చుట్టాల ఇళ్ళు కొన్ని ఇలాగే ఉంటాయి.

ఇలాంటి ఇంట్లో మేము పోయిన ఏడాది పాత ఎర్ర సిమెంటు గచ్చు తీయించి టైల్స్ వేయించాం. అత్తయ్య, మావయ్య, మేమిద్దరం, పిల్లలిద్దరు. మొత్తం ఆరుగురం 23 రోజులు ఆ ఇంట్లోనే ఉన్నాం. నెల రోజులకి అద్దె ఇల్లు చూడొచ్చు. కానీ సామాను రెండుసార్లు మోయాలి, పైగా ఇంట్లో మనిషి లేకపోతే పని ఎలా సాగుతుందో తెలిసిందే. ఆ 23 రోజుల్లో నేను నేర్చుకున్నదంతా ఒక ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: ఈ రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటారు, తెల్లారి పెరట్లోకి ఏ దారిన వెళ్తారు? రోజూ పని మొదలయ్యే ముందు దీనికి జవాబు చేతిలో ఉంటే మిగతా కష్టాలన్నీ ఓర్చుకోవచ్చు.

ముందు కాలెండరు

వానాకాలం వద్దు. తవ్విన నేల చెమ్మ పీల్చుకుంటుంది, ఇసక తడిసి ముద్దవుతుంది, బయట పెట్టుకున్న పొయ్యికి నీడ ఉండదు. అక్టోబరు ఇంకా వద్దు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీ మా గజపతి జిల్లాను ఎంత దెబ్బ తీసిందో ఇంకా కళ్ళముందే ఉంది. ఇల్లంతా తవ్వి ఉన్నప్పుడు తుపాను పడితే తల దాచుకునే చోటు ఉండదు.

డిసెంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. అందులోనూ పండగలు చూసుకోవాలి. మా దగ్గర పనివాళ్ళలో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు కలిసే ఉంటారు. తెలుగు మేస్త్రి సంక్రాంతికి ఊరెళ్తే నాలుగైదు రోజులు రాడు. జూన్ నడిమిన రజ పండగ మూడు రోజులూ భూమిని తవ్వకూడదని ఒడియావాళ్ళ నియమం. ఆ రోజుల్లో గచ్చు పగలగొట్టమని అడగడమే తప్పు.

ఇక మార్గశిర లక్ష్మివారాలు, అంటే గురువారాలు. ఒడియావాళ్ళ మార్గశిరం కార్తీక పున్నమి మర్నాటి నుంచి లెక్క, మనది అమావాస్య దాటాక. రెండు రకాల వాళ్ళూ ఉన్న వీధిలో దాదాపు ఆరు వారాలు లక్ష్మివారం పూజలే. నేల మీద బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేసే రోజున ఆ నేలను పగలగొట్టడానికి ఏ ఇంట్లోనూ పెద్దవాళ్ళు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. మా పని ఆ నెలలోనే పడింది కాబట్టి లక్ష్మివారం తవ్వకం, కటింగ్ ఉండవని ముందే చెప్పేశాం. ఆ రోజు టైల్స్ మోయడం, ఇసక జల్లించడం లాంటి పనులు పెట్టుకున్నారు.

మేస్త్రితో మాట

చదరపు అడుగుకి ఇంత అని మాట్లాడుకోవడం మామూలే. గొడవలు వచ్చేవి మిగతా వాటి దగ్గర. స్కర్టింగ్‌కి, అంటే గోడ అడుగున వేసే టైలు పట్టీకి, అడుగు లెక్క వేరేగా ఉందా? పాత గచ్చు పగలగొట్టడం ఈ రేటులోనే కలిసిందా? రబ్బిష్, అంటే పగలగొట్టిన చెత్త, ఎవరు మోస్తారు, ట్రాక్టరు ఎవరిది? నేల ఎత్తు పెరిగితే తలుపు అడుగున కోయడానికి వడ్రంగిని ఎవరు పిలుస్తారు? ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. డబ్బు గది గదికీ ఇవ్వండి. చివరి గది డబ్బులో కొంత, పనంతా చూసుకున్నాకే ఇస్తామని మొదటి రోజే చెప్పండి.

ఇంట్లో మనుషులు ఉంటారన్న సంగతి కూడా ఈ ఒప్పందంలో భాగమే. పొద్దున్న ఎన్నింటికి మొదలు, సాయంత్రం ఎన్నింటికి ఆపాలి, టైల్స్ కోసే మిషన్ ఎక్కడ పెట్టాలి, పనివాళ్ళు ఏ మరుగుదొడ్డి వాడతారు, అన్నీ తేల్చుకోండి. మాకు టైల్స్ కోసే అబ్బాయి ఒడియా. ఒడియాలో ‘కాలి’ అంటే నిన్న అని కూడా, రేపు అని కూడా. ‘కాలి ఆసిబి’ అని అతను వెళ్ళిపోతే రేపు వస్తాడనే అర్థం, కానీ ఎన్ని గంటలకో తెలీదు. అందుకని తారీకు, గంట అడిగి గోడ మీది కాలెండరులో రాయడం అలవాటు చేసుకున్నాను.

పాత గచ్చు గట్టిగా ఉంటే పగలగొట్టకుండా దాని మీదే అడెసివ్‌తో, అంటే టైల్స్ అతికించే జిగురు పొడితో, టైల్స్ వేయొచ్చు. దుమ్ము సగానికి పైగా తప్పుతుంది. రూపాయి బిళ్ళతో నేలంతా కొట్టి చూడండి. డొల్ల చప్పుడు అక్కడక్కడా వస్తే ఆ ముక్కలు తీసి సరిచేస్తే చాలు. ఎక్కువ చోట్ల వస్తే తవ్వాల్సిందే. మీద వేస్తే నేల అర అంగుళం పైనే లేస్తుంది, తలుపులు కోయాలి. మా ఇంట్లో చెమ్మకి గచ్చు చాలా చోట్ల పొంగిపోయింది, చెదలు కూడా ఉన్నాయి, అందుకే తవ్వించాం.

సరుకు

600 మిల్లీమీటర్ల టైలుని అందరూ రెండడుగుల టైలు అంటారు కానీ నిజానికి కొంచెం తక్కువ. నాలుగు టైల్స్ ఉన్న పెట్టె 15.5 చదరపు అడుగులు వస్తుంది, 16 కాదు. మా నడిమి గది 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, అంటే 168. కోతలకీ పగుళ్ళకీ పదో వంతు కలిపితే 185. దాన్ని 15.5తో భాగిస్తే 12 పెట్టెలు. అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరు ఒకటేనా అని దించేటప్పుడే చూడండి. వేరే బ్యాచ్ అయితే రంగులో తేడా వస్తుంది, అది నేల మీద పరిచాక గానీ కనబడదు.

గ్రానైట్ కోసం మా వైపు వాళ్ళు ఆంధ్రలోని టెక్కలి వెళ్తారు. సరిహద్దు దాటి తెచ్చుకునేటప్పుడు పక్కా బిల్లు అడగండి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే సరుకు రవాణాకి కావలసిన ఈ-వే బిల్లు కూడా ఉండాలి. అది దుకాణం వాళ్ళు తీసిస్తారు, మీరు అడగాలి. మిగిలిన పెట్టెలు మళ్ళీ సరిహద్దు దాటించి తిరిగి ఇవ్వడం ఖర్చుతో కూడిన పని కాబట్టి లెక్క ఇక్కడే సరిగ్గా వేసుకోవాలి.

విట్రిఫైడ్ టైలు నీళ్ళు పీల్చదు, దాని శోషణ 0.5 శాతం లోపే. వట్టి సిమెంటు పాలు దానికి గట్టిగా పట్టవు, అడెసివ్ వాడాలి. సంచి మీద ఐఎస్ 15477 అని, అంటే టైల్స్ అడెసివ్‌కి ఉన్న భారతీయ ప్రమాణం నంబరు, ఉందేమో చూడండి.

ఇల్లు రెండు ముక్కలు, మధ్యలో దారి

దీని దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. మేస్త్రి మొదటి రోజే అంటాడు, ఇల్లంతా ఒక్కసారే పగలగొట్టేద్దాం అమ్మా, గచ్చు పగలగొట్టే మిషన్ బ్రేకరు అద్దె కలిసొస్తుంది అని. ఒప్పుకోకండి. రెండోసారి అద్దె ఇచ్చినా పరవాలేదు. ఇల్లంతా తవ్వేశాక ఆరుగురు పడుకోవడానికి ఒక్క చాప వేసే చోటు మిగలదు.

మేము వెనక భాగం ముందు పెట్టుకున్నాం: నడిమి గది, వంటిల్లు. ముందు గది, అరుగు మావి. అది పూర్తయ్యాక మేము వెనక్కి మారాం, ముందు గది పనికి ఇచ్చాం. మనం ఉండే గదిలోకి పనివాళ్ళ సామాను ఒక్కటి కూడా రాకూడదు. సిమెంటు సంచి ఒకటి వాన తగలకుండా మూల పెట్టుకుంటామంటారు. ఒకటి వస్తే నాలుగు వస్తాయి.

పెరట్లోకి దారి సంగతి. గదిని తవ్వడం మాత్రం ఒకేసారి మొత్తం తవ్వించండి. సగం టైల్స్ వేశాక పక్కనే బ్రేకరు పెడితే ఆ అదురుకి కొత్త టైల్స్ పట్టు వదులుతాయి. తవ్వి చదును చేశాక, టైల్స్ వేయడం రెండు విడతలుగా. మా 12 అడుగుల గదికి అడ్డంగా ఆరు వరసలు పడతాయి. మొదట ఎడమ గోడ నుంచి నాలుగు వరసలు వేయించాం. కుడి గోడ వైపు నాలుగడుగులు దారిగా వదిలి, దాని మీద సెంట్రింగ్ చెక్కలు పరిచాం. రెండు రోజుల తర్వాత వేసిన టైల్స్ మీద గోనెసంచులు పరిచి వాటి మీద నడిచాం, మిగిలిన రెండు వరసలూ అప్పుడు పడ్డాయి. ఇలా వేస్తే లైను తప్పుతుందని మేస్త్రి భయపడ్డాడు. గది నడిమికి దారం కట్టి, గోడ మీద లెవెల్ గుర్తు పెట్టుకుని మొదలుపెట్టమన్నాం. లైను తప్పలేదు.

కొత్త నేలకీ పాత నేలకీ మధ్య ఎత్తు తేడా వచ్చే చోట చాలా జాగ్రత్త. తవ్విన నేల రెండు మూడు అంగుళాలు పల్లంగా ఉంటుంది, రాత్రి నిద్రలో లేచిన కాలికి ఆ సంగతి తెలీదు. రెండో రాత్రి అత్తయ్య గడప దాటి ఎప్పటిలాగే అడుగు వేశారు. నేల అందలేదు. తలుపు రెక్క చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది, మడమ మాత్రం బెణికింది. మర్నాడు గడప దగ్గర ఇటుకలు, చెక్కతో వాలు కట్టించాం, అంచుకి తెల్ల సున్నం గీత గీశాం, చిన్న బల్బు రాత్రంతా వెలిగించాం. ఇది మీరు మొదటి రాత్రే చేయండి. కాలు సరిగా నిలవని పెద్దవాళ్ళకి రాత్రిపూట మంచం పక్కనే ఏర్పాటు చేస్తే అసలు బాధ లేదు.

వంట, నీళ్ళు

వంటిల్లు తవ్వే వారం పొయ్యి అరుగు మీదికో పెరట్లోకో మారాలి. సిలిండరు నిలువుగా, గాలి ఆడే చోట ఉండాలి. వంట గ్యాసు గాలి కంటే బరువు, పల్లంలో పేరుకుంటుంది. తవ్విన గుంట పక్కన సిలిండరు పెట్టకండి, కటింగ్ మిషన్ నిప్పురవ్వలు పడే దూరంలో అసలే వద్దు. మాకు ఇండక్షన్ పొయ్యి ఒకటి, రైస్ కుక్కరు ఒకటి సరిపోయాయి. పొద్దున్న పనివాళ్ళు రాకముందే రెండు పూటలకీ వండేసి మూతలు పెట్టేదాన్ని. వారం రోజులకి చింతకాయ పచ్చడి, చారుపొడి, వడియాలు ముందే దగ్గర పెట్టుకోండి. తాగే నీళ్ళ బిందెలు మనం ఉండే గదిలోనే ఉండాలి. నుయ్యి మీద టార్పాలిన్ కప్పండి.

దేవుడి పటాలు ముందు గదిలో ఒక బల్ల మీదికి మార్చాం. బీరువాలు ఖాళీ చేశాకే జరపాలి, బట్టలు మూటలు కట్టి మంచం కింద తోసేయొచ్చు. ఆధార్లు, భూమి కాగితాలు, మందులు, పిల్లల స్కూలు పుస్తకాలు ఒకే పెట్టెలో పెట్టి ఆ పెట్టె ఎక్కడుందో ఇంట్లో అందరికీ చెప్పండి.

తవ్వే రోజులు

దుమ్ము గురించి ఎంత చెప్పినా తక్కువే. సిమెంటు, ఇసక, టైలు పొడిలో సిలికా ఉంటుంది. కంటికి కనబడనంత సన్నని ఆ పొడి ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు. తువ్వాలు కట్టుకుంటే ఆగదు, ఎన్95 మాస్కు కావాలి. మేము పనివాళ్ళకి కూడా కొని ఇచ్చాం. వాళ్ళు మన ఇంట్లో కొన్నాళ్ళు, ఆ తర్వాత ఇంకో ఇంట్లో, ఏడాదంతా అదే గాలి పీలుస్తారు. టైల్స్ కోత ఇంట్లో వద్దు, పెరట్లో, నీళ్ళు పోస్తూ కోయమనండి.

నీళ్ళు, కరెంటు ఒకచోట ఉంటాయి కాబట్టి మిషన్‌కి ప్లగ్గు ఉండాలి. వైర్ల కొసలు సాకెట్లో పెట్టి అగ్గిపుల్ల గుచ్చడం చాలా చోట్ల చూస్తాం, అది ఒప్పుకోవద్దు. మీటరు దగ్గర షాక్ కొట్టగానే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పనికి ముందే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి.

మనం ఉండే గది తలుపుకి రెండు పొరలు ప్లాస్టిక్ షీటు కట్టండి, ఒకటి పైనుంచి, ఇంకొకటి దాని మీద పక్కకి. కింద ఖాళీలో తడిగుడ్డ చుట్టి పెట్టండి. పని గదిలో ఫ్యాను వేయనివ్వకండి, దుమ్ము ఇల్లంతా తిరుగుతుంది. ఆయాసం ఉన్నవాళ్ళని తవ్వే రెండు మూడు రోజులు ఎవరింటికైనా పంపడమే మంచిది. మావయ్యకి ఉబ్బసం. ఆయన్ని పక్కనే ఉన్న పాతపట్నంలో మా ఆడపడుచు ఇంటికి పంపాం. నా ఇల్లు వదిలి ఎక్కడికీ రానన్నారు, కానీ ఇన్‌హేలరు పట్టుకుని అత్తయ్య ఎదురుగా నిలబడేసరికి బయల్దేరారు.

రబ్బిష్ ఎంత వస్తుందో చాలామంది తక్కువగా ఊహిస్తారు. 168 చదరపు అడుగుల గదిలో రెండు అంగుళాల మందం తీస్తే 28 ఘనపుటడుగులు. బరువు ఒకటిన్నర టన్ను దాటుతుంది. సంచికి పాతిక కిలోలు నింపినా 60కి పైగా సంచులు. ఇవన్నీ మనం పడుకునే గది మీదుగానే వీధిలోకి వెళ్ళాలి. ఆ దారిలో టార్పాలిన్ పరిచి, మోత అంతా ఒక్క పూటలో, ట్రాక్టరు వచ్చాకే పెట్టించండి. మేడ మీద పని అయితే ఆ బరువంతా శ్లాబు నడుమ ఒకేచోట కుప్ప పోయనివ్వకండి.

పాత గచ్చు కింద ఎలుక బొరియలు, వాటిలో తేళ్ళు కూడా ఉండొచ్చు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, కూలీల కాళ్ళకి బూట్లు ఉండేలా చూడండి. చెదల మందు కొట్టించాలంటే ఇదే సమయం. ఆ రాత్రి మాత్రం ఎవరూ ఇంట్లో పడుకోకండి.

వేసే రోజులు, సాయంత్రాలు

అడెసివ్‌తో వేస్తే 24 గంటలు, సిమెంటు మాలుతో వేస్తే రెండు రోజులు ఆ టైల్స్ మీద అడుగు పెట్టకూడదు. బీరువా, మంచం లాంటి బరువులు వారం దాకా వద్దు. తడి సిమెంటు ఒంటిని కాలుస్తుంది. పిల్లలు తొక్కితే వెంటనే ధారగా నీళ్ళు పోసి కడగండి.

రోజూ పని ఆగాక అరగంట ఇంటి వాళ్ళది. చీపురు వద్దు, తడి గుడ్డతో రెండుసార్లు తుడవాలి. మేకులు, టైలు ముక్కలు ఏరాలి. మిషన్ ప్లగ్గు తీసేశారా అని చూడాలి. రేపటి దారి చెక్కలు వేసి, బల్బు వెలుగుతోందో లేదో చూసుకోవాలి. ఎంత అలసిపోయినా ఈ అరగంట వదలకండి.

టైల్స్ సందుల్లో నింపే గ్రౌటు వేసే రోజు ఒక కన్ను స్నానాల గది మీద పెట్టండి. పనివాళ్ళు బకెట్లు, తాపీలు కడిగిన నీళ్ళు అక్కడి తూములోనే పోస్తారు. మా ఇంట్లో అదే జరిగింది. మూడో రోజు పొద్దున్న నీళ్ళు దిగడం మానేశాయి. జాలీ తీసి చూస్తే లోపల బూడిదరంగు గడ్డ, వేలితో నొక్కితే రాయిలా ఉంది. తూము కింద ఉండే ట్రాప్ పగలగొట్టి మార్చాల్సి వచ్చింది, ఆ రెండు రోజులూ స్నానాలకి పక్కింటివాళ్ళ పెరటికి వెళ్ళాం. కడిగిన నీళ్ళు ఒక పాత డ్రమ్ములో పోయించండి. మడ్డి అడుక్కి దిగాక పైనీళ్ళు పెరట్లో మట్టి మీద ఒంపి, మడ్డి రబ్బిష్‌లో వేయండి.

చివర్న మరకలకి యాసిడ్ తెస్తామంటారు. గ్రౌటుని, పాలరాయిని యాసిడ్ తినేస్తుంది. ముందు సబ్బునీళ్ళు, మెత్తటి బ్రష్షుతో ప్రయత్నించండి. వాడక తప్పకపోతే బాగా పలచన చేసి, కిటికీలు తెరిచి వాడాలి. బ్లీచింగ్ పౌడరుతో కలవనివ్వకండి, క్లోరిన్ గ్యాసు వస్తుంది, అది ప్రాణాలకే ముప్పు.

మేస్త్రికి చివరి డబ్బు ఇచ్చే ముందు

రూపాయి బిళ్ళ మళ్ళీ తీయండి. ప్రతి టైలు మీదా నాలుగు మూలలు, నడుమ కొట్టండి. డొల్ల మోగిన వాటికి పెన్సిలుతో గుర్తు పెట్టి మార్పించండి. స్నానాల గదిలో చెంబుడు నీళ్ళు పోసి అన్ని వైపుల నుంచీ తూముకే వెళ్తున్నాయేమో చూడండి. మిగిలిన పెట్టె మీద గది పేరు, బ్యాచ్ నంబరు రాసి దాచండి.

ముందు గది పనికి ఇచ్చే ముందు రోజు లక్ష్మివారం వచ్చింది. అత్తయ్య బెణికిన మడమతోనే కూర్చుని, పగుళ్ళుపడిన ఆ ఎర్ర గచ్చు మీద తడిపిండితో పాదాలు వేశారు, వీధి గడప నుంచి దేవుడి బల్ల దాకా. నేను పెళ్ళై వచ్చినప్పటి నుంచి చూస్తున్న గచ్చు అది. లేస్తూ, నున్నటి టైలు మీద పిండి నిలబడదమ్మా, ఆరగానే రాలిపోతుంది అన్నారు. మేస్త్రి ఇంకా పనిలోనే ఉన్నాడు కాబట్టి వీలైంది: వీధి గడప లోపల అడుగు వెడల్పున, టెక్కలి నుంచి తెచ్చిన వాటిలో పాలిష్ పట్టని గరుకు గ్రానైట్ పలక ఒకటి వేయించాం. వానలో తడి కాళ్ళతో వచ్చినా అక్కడ జారదు. మరుసటి లక్ష్మివారం పొద్దున్న అత్తయ్య దాని మీద మొదటి పాదం వేశారు, సాయంత్రం దాకా చెక్కుచెదరలేదు.